రేవులో నాలుగోవాడు

అవును మరి, ఆ నాలుగోవాణ్ణి చేసింది నేనే. టీ ఇటు పెట్టు మోరీన్, చెప్తా.

మా ఆయన విల్ఫ్ మన రాదర్‌హైత్ పాత బొగ్గు రేవుని వంటింటి బల్ల మీద బొమ్మగా కట్టాడు కదా, విక్టోరియా రాణి నాటిది, ఓడ, గంపలు, కూలీలు అంతా. ఆ రోజుల్లో నలుగురు తాడు పట్టుకుని మెట్ల మీంచి ఒక్కసారిగా దూకితే, ఆ బరువుకి ఓడ అడుగునుంచి బొగ్గు గంప పైకొచ్చేది. ముగ్గుర్ని చెక్కాడో లేదో, మనవాడి చేతికి వణుకొచ్చింది. "ముగ్గురు దూకితే గంప లేవదు, ఆదివారం ప్రదర్శనకి పంపను" అని దుప్పటి కప్పేశాడు. ఇక ఆ దుప్పటినే చూస్తూ కూచోడం. చొక్కా గుండీ కూడా అప్పటిదే అయ్యుండాలనే మనిషి, ఎలా పంపుతాడు?

అందుకని నిన్న మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే నేనే చెక్కాను. కూరలు తరిగే కత్తితో, కళ్లద్దాలు లేకుండా. కండలు, మీసం, మీసంలో బొగ్గుపొడి.

"మీసంలో పొడి కూడానా?" అన్నాడు పక్క బల్ల దగ్గర కూచున్న లెన్, నదిలో పడవ నడిపేవాడు.

పొడేంటి, తుమ్మాడు కూడా. ఆ తర్వాత ఏం చేశాడనుకున్నావు? బీరడిగాడు. ఒక్క చుక్క పోశా. అంతే, తాడు పట్టుకుని దూకాడు చూడు, గంప లేచింది, గంపతో ఓడ లేచింది, ఓడతో మా బల్ల, బల్లతో థేమ్స్ నది మొత్తం లేచింది. గ్రీనిచ్ దాకా జనం బూట్లు తడవకుండా అవతలి ఒడ్డుకి నడిచారు.

"నిన్న మధ్యాహ్నం నేను పడవలోనే ఉన్నానే."

నదితోపాటే పైనెక్కడో ఉండుంటావు లెన్. అందుకే నీకు కనపడలా.

ఇంతసేపూ నా పక్కన టీ ఊదుకుంటున్న విల్ఫ్ అప్పుడు నోరు విప్పాడు.

"అది అగ్గిపుల్ల, ఐవీ. నల్లదారం చుట్టావు. తలకి ఎర్రమందు అలాగే ఉంది."

మోరీన్ కిసుక్కుమంది. నేను చక్కెర వెయ్యని టీని చెంచాతో తిప్పుకుంటూ కూచున్నా.

"దుప్పటి ఎప్పుడు తీశావు?" అన్నా.

"పొద్దున్నే." కప్పుని రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "తక్కిన ముగ్గురికీ ఎర్రటోపీలు వేశాను పిల్లా, వాడొక్కడే వేరుగా కనపడకూడదని. రంగు కొంచెం చెవుల మీదికి కారిందిలే."

"ఆ రోజుల్లో ఎర్రటోపీలు పెట్టుకునేవాళ్లా?" అడిగాడు లెన్.

"లేదు," అన్నాడు విల్ఫ్. "ఆదివారం బల్ల మొయ్యడానికి నువ్వు రావాలి."