ఆఖరు సీను

బంగారు గని మూతపడిన ఎనిమిదేళ్లకు, ఆండర్సన్‌పేటలో ఒక ఆదివారం. టీవీలో పాత సినిమా మొదలవగానే ఒకప్పటి గని కార్మికుడు టక్కున ఆపేశాడు. సైకాలజీ చదివే కూతురు నోట్‌బుక్కులోంచి తలెత్తింది.

"ఈ సినిమా వస్తే చాలు ఆపేస్తావు, ఎందుకప్పా?"

"దాంట్లో హీరో వట్టి అబద్ధాలకోరమ్మా."

"మనలో ఉండే గుణమే తెర మీద కనిపిస్తే మనం ఓర్చుకోలేమంట. మా మేడం చెప్పినారు."

"సరిగ్గానే చెప్పినారు. ఆ పొద్దు ఫెలిక్స్ మామ నా బదులు షిఫ్టుకు యాల పోయినాడో తెలుసు కదా?"

"నీకు జొరమొచ్చిందని. ఆ పొద్దే గని లోపల రాళ్లు కూలినాయి. అమ్మ ఇప్పటికీ తమ్ముని ఫోటో చూసి ఏడుస్తాది."

"నాకు జొరం లేదు. ఈ సినిమాకు పోయినాను."

"మెల్లగా అప్పా, అమ్మ వంటింట్లో ఉండాది."

"ఎన్నాళ్లని మెల్లగా మాట్లాడేది?"

"గని సైరన్ వినంగానే పరుగెత్తినానని చెప్తావు కదా?"

"హాల్లో అందరూ పరుగెత్తినారు. ఇంగ పది నిమిషాలే కదా, ఆఖరు సీను చూసి పోదామని నేను కూర్చున్నాను."

"అంతగా ఏముండాది ఆ సీన్లో?"

"కండ్లు తెరుచుకుని మొత్తం చూసినాను తల్లీ. ఒక్క ముక్క గుర్తు లేదు."