సున్న సెకన్ల పసుపు కాంట

మెట్‌పల్లి పసుపు మార్కెట్ ముంగటి చాయ్ హోటల్ల, మార్కెట్ కమిటీ అధ్యక్షుడు రాజేశ్వర్‌రావు సారు ఎదురుంగ కూసున్న. నేను కాలేజీల కంప్యూటర్ పాఠాలు చెప్త. నేను రాసిన ప్రోగ్రాం ఈ సీజన్ల వాడాల్నా వద్దా అనేది ఆయన ఆ పొద్దే తేల్చాలె. పక్కన మా కాలేజీలనే పాఠాలు చెప్పే షాహీన్.

"సారూ, మొన్న మీ కాంటకు తగిలించి చూసిన. సంచి పెట్టంగనే బరువు తీసుకొని రైతుకు చీటీ ఇస్తది. ఎంతసేపు పట్టిందో కొలుద్దామని, ప్రోగ్రాం రాసే భాషతోటే వచ్చే గడియారం పెట్టిన. ఎంత చూపించిందో తెలుసా? సున్న సెకన్లు!"

"ఒక్క సంచికా?"

"కుప్పకు కుప్పే సారూ! మళ్ల సున్ననే. గప్పుడు జగిత్యాల జిల్లా పసుపంత ఎక్కిచ్చిన. గడియారం ముల్లు కదిల్తే ఒట్టు."

ఈడ ఆపితే మర్యాద దక్కేది. నేను ఆపుతనా?

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? సున్న దాటి కిందికి పోయింది! సంచి ఇంక బండి మీదనే ఉంది, చీటీ బయటికొచ్చింది. చెన్నూరుల ఒకాయన ఇంక దుక్కే దున్నలే, ఆయన చీటీ గూడ వచ్చింది. తేమకని, మట్టికని తరుగు తీసేసి మరీ!"

సారు నోరు తెరిచిండు. సంతకం పెట్టనీకి జేబుల కెల్లి పెన్ను గూడ తీసిండు. నాకు నేనే దండం పెట్టుకునేటట్టున్న.

"మంజులక్కా," అన్నది షాహీన్ మెల్లగ, "మొన్న అది నడుస్తుంటె మీరేం జేసిండ్రు?"

"ఏం జేస్త? ఇంటికి పోయిన. పప్పు వండిన, తిన్న, జర కునుకు తీసొచ్చిన."

"ఆ సున్న సెకన్లలనేనా?"

నేను చాయ్ గ్లాసు కింద పెట్టిన.

"సారూ, ఆ గడియారం ప్రాసెసర్ పనిచేసిన సేపే లెక్కబెడ్తది," అన్నది షాహీన్. "కాంట బరువు చెప్పేదాక ప్రోగ్రాం ఊకె కూసుంటది గదా, గా సేపు లెక్కల రాదు."

"అంటే లైన్ల నిలవడ్డ రైతు సేపు?"

"అదీ రాదు సారూ."

సారు పెన్ను జేబుల పెట్టుకున్నడు.

"రైతు నిలవడ్డ సేపు లెక్కబెట్టకుండ నడిపిచ్చుడు మా కమిటీకి ఎప్పటిసందో వచ్చు మంజులమ్మా. దానికి కంప్యూటర్ ఎందుకు?"