పట్టా మారిందా?

కూకోవే బిందూ, ఆ కుర్చీ ఇటు లాక్కో. ఏటన్నావు, మళ్లీ సెప్పు? "గాడీ ఏక్‌దమ్ మక్ఖన్ హై" అన్నాడా ఆ అమ్మేవోడు? వెన్నంట, వెన్న! లక్షా పదేలు తిరిగిన పెద్ద డీజిలు బండి వెన్నెలాగవుద్ది? నువ్వెల్లేసరికే ఇంజను నడుత్తోందా? సూసావా మరి! బానెట్టు మీద సెయ్యెట్టావా? ఎట్టలేదు. మీ అయ్యుంటే ముందు ఆ పనే సేసీవోడు. బర్మామైన్స్‌లో తన మెకానిక్ షెడ్డులోంచి ఎవరి బండి సూడ్డానికెల్లినా అప్పలసూరి తాళం అడగడు, సీట్లో కూకోడు. జ్వరమొచ్చిన గుంట నుదురు సూసినట్టు బానెట్టు మీద అరసెయ్యి. ఎచ్చగుందా, "కల్ సుబహ్ ఆయేంగే, చాలూ మత్ కర్నా" అనీసి, రేపొద్దున్నొత్తాం, ఇంజను తిప్పొద్దని సెప్పీసి సైకిలెక్కీడమే. ఎచ్చబెట్టిన ఇంజను రోగం దాసీసుకుంటాదనీవోడు. పొద్దున్నే సల్లటి ఇంజను తానే తిప్పి పొగ సూసీవోడు. నీలంగా వచ్చిందా, ఆయిలు తాగేత్తోంది. తెల్లగా వచ్చి ఎంతకీ పోలేదా, లోపలికి నీల్లెల్తన్నాయి. ఆయిలు మూత తీసి దాని అడుగున మీగడలాటిది పట్టిందేమోనని ఏలెట్టి సూసీవోడు. బండి కిందకి దూరి ఏలి కణుపుల్తో తట్టీవోడు, తుప్పు మీద నల్లరంగు కొట్టీసినారేమోనని. ఏటి, నవ్వుతావేటి? "ఆజ్‌కల్ కంప్యూటర్ సే హోతా హై మావా" అంటావా? తెలుగులో ఏడు! ఎనక సీట్లో నీ గుంటలిద్దర్నీ కూకోబెట్టుకుని ఘాటీ కొండదారెక్కేది కంప్యూటరా, నువ్వా?

సరే, మీ ఆయనేటన్నాడు? అదీ సెప్పు, నీ మొకం సూత్తే తెలుత్తోంది. "తుమ్హారే బాప్ ఖుద్ మిస్త్రీ థే, దోస్త్ కీ గాడీ తక్ నహీఁ దేఖ్ పాయే" అన్నాడా సుమన్? తనే మిస్త్రీ అయ్యుండి నేస్తుడి బండి కూడా సూసుకోలేకపోయాడనా? థూ! ఎన్నాళ్లయింది ఆ మనిషి పోయి, పదిహేనేళ్లు! ఆ మాట ఆడిది కాదులే. బర్మామైన్స్ బజారంతా పదిహేనేళ్ల బట్టి నముల్తోంది. టీ కొట్టు కాడ అన్నారు, పెళ్లిల్లో బంతి మీద కూకుని అన్నారు, మీ అమ్మ దాలమ్మ ఇంటుందని తెలిసి మరీ అన్నారు. ఆవిడ విస్తరొదిలి లేచెల్పోయింది. నాను పక్కనే ఉన్నాను. పప్పన్నం కలుపుకుంటన్నాను.

మీ అయ్య పోయిన ఆ బండి నాదని తెలుసు కదా. టాటానగర్ టేసను ఎనకాల ఒకడు అమ్ముతున్నాడు. మీ అయ్యకి పచ్చకామెర్లు, మంచం దిగలేడు. "నాను లేచేదాకా ఆగరా సూర్యం" అన్నాడు. ఆగానా? నాకు ఊరెల్లే తొందర. అక్కడ మా అన్న, మా నాన్న పొలం పట్టా తన పేరున మార్పించీసుకున్నాడు. నెల్లాళ్లు నా బుర్రలో అదే. తింటే పట్టా, పడుకుంటే పట్టా. మీ అయ్య ఫోన్లో అన్నీ సెప్పాడు, బానెట్టు, పొగ, ఆయిలు. ఆఖర్ని, "పట్టా మారిందా నేదా అడుగు, కాగితం సూడకండా నమ్మకు" అన్నాడు. పట్టా అంటే ఏటే? సెప్పు! బెల్టు! ఈ ఊర్లో ఎవర్నడిగినా సెప్తారు. కారఖానాలో ముప్పయ్యేళ్లు పట్టా మీద బొగ్గెల్తంటే సూసినోణ్ణి. మిస్త్రీ పట్టా అన్నాడంటే ఇంజను ముందు మూత ఎనకాల దాగుండే బెల్టు. లక్ష కిలోమీటర్లకి మార్చీయాల. తెగిందా, బండి నడుత్తూ నడుత్తూనే సచ్చిపోద్ది. మరి నాను ఏటడిగాను? "కాగజ్ మేఁ నామ్ బదల్ గయా?" అనడిగాను, కాగితంలో పేరు మారిందా అని! ఆడు ఆర్సీ తీసి సూపించాడు. పేరు సుబ్బరంగా మారింది. ఆడు అబద్ధమాడలేదు. "పట్టా మారింది బావా, కాగితం నా కళ్లతో సూసాను" అని మీ అయ్యకి సెప్పీసినాను. ఎవడి మాటా నమ్మనోడు నా మాట నమ్మాడు. ఒళ్లు కుదుటపడ్డాక బండంతా ఇప్పి సూసుకున్నాడు. ఆ ఒక్క మూతే ఇప్పలేదు. నాను సూసానని.

రాంచీ రోడ్డు మీద ఘాటీ దిగుతున్నాం, మీ అయ్యే నడుపుతున్నాడు. టప్‌మని ఒక్క సప్పుడు. ఇంజను ఆగిపోయింది, స్టీరింగు బిగిసిపోయింది, రెండు తొక్కులకి బ్రేకు రాయైపోయింది. నా ఏపు లోయ. స్టీరింగు మీద మనిషి మనిషంతా వాలిపోయి కొండేపు తిప్పీసినాడు. తనేపు కొట్టుకుంది. నాకు ఈ మోకాలు.

ఏడవకు. ఇంకా ఉంది, విను. తరవాత ఇంజను ఇప్పిన మిస్త్రీ తెగిన ముక్క నా సేతిలో ఎట్టి, "యే పట్టా తో కభీ బద్‌లా హీ నహీఁ. కిస్‌నే దేఖా థా?" అనడిగాడు, ఈ పట్టా అసలు మార్చనేలేదు, బండి సూసిందెవరని. సుట్టూ పదిమంది. నాను ఏటన్నాననుకున్నావు? "అప్పలసూరి" అన్నాను. నానే అన్నాను. ఆ మాటే బజారెల్లింది, మీ గుమ్మం తొక్కింది, ఈయేల మీ ఆయన నోట్లోంచి వచ్చింది. సుమన్ని తిడతానేటి నాను, ఏ మొకంతో తిడతాను?

అలగ సూడకే. రేపు పొద్దున్నే ఎల్దాం, ఇంజను ముట్టుకోవద్దని ఆడికి సెప్పు. బెల్టు బిల్లు సూపించమను. పట్టా అనకు, బెల్టను. ఏటి, లేచీసినావేటి? ఫోను ఎవరికి? సుమన్‌కా? ఇలగియ్యి. ఇయ్యే నాకు. హలో... సుమన్ బాబూ, నాను, సూర్యం మావని. కాదు, కాదు, ఈ బండి గురించి కాదు. ఆ బండి. దాన్ని సూసింది...