లిఫ్టులో దిగిన మనిషి

ఇంకెంతసేపు ఆ తలుపు వైపే చూస్తారు ఆయీ? మెడ పట్టేస్తుంది. ఇటు తిరగండి. ఆదివారం కోటకి పోయినవాళ్ళు మధ్యాహ్నానికే తిరిగొస్తారా ఎక్కడైనా? నా పెళ్ళైన కొత్తలో మీరే కదా అన్నారు, ఆదివారం పూట హృషీ నా కొడుకు కాదమ్మా, కొండ కొడుకు అని. మరి ఇవాళేమిటి ఈ చూపు?

నోరు తెరవండి. చిన్న ముద్దే. వరణ్‌భాత్‌లో పప్పు ఎక్కువేసి, అన్నం మెత్తగా పిసికి నెయ్యి కూడా వేశాను.

అదిగో, పెదాలు బిగించారు. సరే, తర్వాత తిందురుగాని. బలవంతం చేస్తే పొలమారుతుంది, మళ్ళీ అదో గండం.

వాన చూశారా? ఇక్కడ మన కోథ్రుడ్‌లోనే ఇంత కొడుతుంటే అక్కడ ఘాట్ల కొండల్లో ఎలా ఉందో. కాస్త కిటికీ వేస్తాను ఉండండి.

ఫోనా? చేశానండీ. పొద్దుట్నుంచి చేస్తూనే ఉన్నాను. అందుబాటులో లేదంటోంది. వాఘ్‌కడా కోట వెనక వైపు ఎప్పుడూ అంతే, సిగ్నల్ ఉండదు. నేను ఆ కోటకి నాలుగైదుసార్లు వెళ్ళినదాన్ని. నాకు తెలీదా?

వెళ్ళినదాన్ని అని మీకు గుర్తుందో లేదో. నన్ను ఈ మంచం పక్కనే చూసి చూసి, నేను పుట్టడమే ఇక్కడ పుట్టాననుకుంటారు అందరూ. ఒకప్పుడు ప్రతి ఆదివారం ఇద్దరం కలిసే పోయేవాళ్ళం. తెల్లవారకుండా బస్సు, పొద్దెక్కేసరికి ఏదో ఒక కోట బురుజు, అక్కడెవరో పల్లె మావశీ చేసిచ్చే శనగపిండి పిఠ్‌లా, జొన్న భాకరీ. మీరు స్నానాల గదిలో పడిపోయి, మాటా చెయ్యీ పోయిన రోజుతో అదంతా అయిపోయింది. మిమ్మల్ని అనడం లేదు ఆయీ. కావాలని పడ్డారా ఏమన్నా?

పని రోజుల్లో మిమ్మల్ని చూసుకోడానికి సురేఖా మావశీ ఉంటుంది, మేం ఆఫీసులకి పోతాం. ఆదివారం ఆవిడ రాదు. ఒకరు కూరలకి వెళ్తే రెండోవాళ్ళు మీ దగ్గర. ఏడాదిన్నరగా కూరల బజారు దాటి పోయింది లేదు. మరి కాళ్ళు ఏం కావాలి? కొండలెక్కే కాళ్ళు కుర్చీలో పెడితే తుప్పు పట్టిపోవూ?

అందుకే ఈ బిల్డింగు మెట్లు పట్టుకున్నాం. వీపున సంచీ, సంచీలో కందిపప్పు డబ్బాలు, నీళ్ళ సీసాలు. పొద్దున తను, సాయంత్రం నేను. కింద వాచ్‌మన్ దగ్గర మొదలుపెట్టి పదకొండో అంతస్తు దాకా. ఆరో అంతస్తు లిమయే కాకా అయితే కుర్చీ వేసుకుని మరీ చూసేవాడు, ఏం సూన్‌బాయీ, ఎవరెస్టు ఇంకా ఎంత దూరం అంటూ. నవ్వనీండి, నాకేం.

మీ అబ్బాయి బాగా ఎక్కేవాడు. కాదనను. చెమటలు కారేలా ఎక్కేవాడు. పైకి చేరగానే ఏం చేసేవాడో తెలుసా? లిఫ్టు నొక్కి కిందికి వచ్చేసేవాడు. మళ్ళీ ఎక్కడం, మళ్ళీ లిఫ్టు. దిగితే మోకాళ్ళు అరుగుతాయని ఆ లిమయే కాకా చెప్పాడట. పర్వతీ గుడి మెట్లు తప్ప జన్మలో ఏమీ ఎక్కని మనిషి చెప్పాడు, ఈయన విన్నాడు.

నేను దిగేదాన్ని ఆయీ. సంచీ దింపకుండా, ప్రతి మెట్టూ నెమ్మదిగా. మీ దగ్గర తను ఉండేవాడుగా, నాకు తొందర లేదు. ఎక్కడానికి ఊపిరి చాలు, దిగడానికి తొడలు కావాలి. కొండల మీద మనుషులు పడేది దిగేటప్పుడే. ఈ పాఠం నాకు ఎవరు చెప్పారనుకున్నారు? మీ హృషీయే. మొదటిసారి కోట దిగేటప్పుడు నా కాళ్ళు గడగడ వణికిపోతే, చేయిపట్టుకుని దింపుతూ చెప్పాడు. అంత బాగా చెప్పినవాడు ఇంట్లో కూర్చుని కూర్చుని మరిచిపోయాడు. ఎక్కితే చెమట కనిపిస్తుంది, మనకి తృప్తిగా ఉంటుంది. దిగితే ఏం కనిపిస్తుంది?

దీపావళప్పుడు ఒకసారి అన్నాను, లిఫ్టు మానెయ్ హృషీ అని. నువ్వు నాకు నేర్పుతావా మేధా అని నవ్వాడు. మర్నాడు పొద్దున కూడా లిఫ్టులోనే దిగాడు.

ఉండండి, ఫోను.

...

శ్రీపాద్. అదే, వీళ్ళ జట్టు పెద్ద. అలా లేవబోకండి, పడతారు. చెప్తాను కదా. చాలామంది కిందికి వచ్చేశారట. హృషీ ఇంకా రాలేదు. మెట్ల దారిలో సగంలో కూర్చుండిపోయాడట, కాళ్ళు నిలవడం లేదని. ఇద్దరు తోడున్నారు. మబ్బు దిగి ఏమీ కనబడటం లేదట, కాస్త విడవగానే తాడు కట్టి దింపుతారట. అంతే. కూర్చున్నాడంతే.

నా చెయ్యి వదలండి ఆయీ. ఎడం చేతిలో ఇంత పట్టు ఎప్పుడొచ్చింది మీకు? డాక్టరుకి చెప్పాలి.

అలా చూడకండి. మీ చూపు నాకు అర్థం కాకపోతేగా. మీకు తెలిసిపోయింది. నిన్న సాయంత్రం నేను ఈ మంచం మీదే కూర్చుని ఫోను మాట్లాడాను. మీరు నిద్రపోతున్నారనుకున్నాను.

పోనీ, మీరు విన్నది సగమే కదా, రెండో సగం కూడా వినండి. తను స్నానానికి వెళ్ళినప్పుడు శ్రీపాద్ చేశాడు. వహినీ, మీరైతే నిజం చెప్తారు, వానకి మెట్ల దారి నాచు పట్టి ఉంటుంది, హృషీ చాలాకాలానికి వస్తున్నాడు, దిగగలడా, లేకపోతే అందర్నీ చుట్టుదారిన దింపుతాను అన్నాడు. నేనేమన్నాను? చుట్టుదారి ఎందుకు, రోజూ పదకొండు అంతస్తులు ఎక్కుతున్నాడు, గుర్రంలా ఉన్నాడు అన్నాను. ఒక్క అబద్ధం ఉందా అందులో? ఒక్క మాట దాచాను, అంతే.

ఎందుకంటే సెప్టెంబరులో వాళ్ళు హిమాలయాలకి వెళ్తున్నారు, ఇవాళ్టి కోట దానికి పరీక్ష. పదిహేను రోజులు. మా ఇద్దరిలో ఒక్కరికే వీలు. ఎవరు వెళ్ళాలని కూర్చుని మాట్లాడుకోనేలేదు ఆయీ. ఆయీ నీ చేతి ముద్దయితేనే తింటుంది, నేను పెడితే ఉమ్మేస్తుంది, నువ్వుండాల్సిందే కదా అన్నాడు హృషీ. ఎంత ప్రేమగా అన్నాడో. మిమ్మల్ని బాగా చూసుకున్నందుకు నాకు దక్కింది అదీ. చేతకానివాడు కొండకి, చేతనైనది గదిలోకి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతోంది.

నేను కోరుకున్నది ఇంతే, ఒట్టు. కాళ్ళు వణకాలి. అందరి ముందూ కూర్చుని జరుగుతూ దిగాలి. శ్రీపాద్ చూసి, నీవల్ల కాదు హృషీ, వహినీని పంపు అనాలి. అంతకుమించి ఏమీ అనుకోలేదు. వాన ఇంతలా వస్తుందని నేనేమన్నా కలగన్నానా?

కలగనలేదు. కానీ పొద్దున తను షూ లేసులు కట్టుకుంటున్నప్పుడు మబ్బు చూశాను. చూసి, గొడుగు మాత్రం ఇచ్చాను.

మళ్ళీ మోగుతోంది. చెయ్యి వదిలితేగా నేను తీసేది. వదలండి ఆయీ.

...

ప్రాణం ఉంది.

ముందు అది వినండి. ప్రాణం ఉంది, తెలివిలో ఉన్నాడు. తాడు వచ్చేదాకా ఆగలేక లేవబోయాడట, చలికి. కాలు జారి కింద గట్టు మీద పడ్డాడు. తుంటి విరిగినట్టుంది అంటున్నారు. స్ట్రెచర్ మీద దింపుతున్నారు. ఆయీ ఆయీ అని మిమ్మల్నే పిలుస్తున్నాడట. నా పేరు కాదు.

నెలలు పడుతుంది. తుంటి అంటే మాటలా? మళ్ళీ కొండెక్కుతాడో లేదో దేవుడికే తెలియాలి. లేచి నీళ్ళు తాగడానికి కూడా మనిషి కావాలి. హిమాలయాలకి ఇప్పుడు ఎవరు వెళ్తారంటారు? నేనా? మీ ఇద్దర్నీ ఎవరికి వదిలి?

ఈ గదిలోనే వేయిస్తాను తన మంచం, మీ పక్కనే. ఆ బీరువా జరిపితే సరిపోతుంది. తనని ఎత్తగలను, భయపడకండి. ఏడాదిన్నర మోశాను కదా సంచీ, నా తొడలు గట్టిగానే ఉన్నాయి. దేనికోసం గట్టిపరుచుకున్నానో ఇప్పుడు తెలిసింది.

మాట తిరిగి వస్తుందని డాక్టరు మొన్ననే అన్నాడు. ఒక్కొక్క మాటే వస్తుందిట, నెమ్మదిగా. మొదటి మాట ఏదో నాకు తెలుసు ఆయీ. పక్క మంచం వైపు తిరిగి, నేను శ్రీపాద్ దగ్గర దాచిన ఆ మాటే చెప్పేయండి. నేను ఆపను. అప్పటిదాకా మాత్రం మీ ఇద్దరికీ ముద్ద పెట్టేది నేనే.