ముసలి లాప్‌టాప్‌కి ముక్కుతాడు విప్పినవాడు

తూకానికి వెయ్యమన్నాడు! నా లాప్‌టాప్‌ని! పాత ఇనుముతో పాటు తూకానికి వెయ్యమన్నాడు మన ఓనరు, అదీ నా మొహం మీదే, కార్ఖానాలో అందరూ వింటుండగా. బాబాయ్, నా టీలో చక్కెర తగ్గించకు, అసలే కోపంలో ఉన్నాను. ఇది నిన్న పొద్దుటి మాట. మరి ఇవాళ చూడండి, నా లాప్‌టాప్ నా ఒళ్లో కూచుని ఉంది, ఆయన ముచ్చటపడి కొన్న కొత్త కంప్యూటరేమో పక్కగదిలో మాడి మసైంది. దేవుడున్నాడు!

అక్కా, నువ్వు కళ్లొత్తుకోకు. చూడండి ఆమె మొహం ఎలా అయిపోయిందో. మా కార్ఖానా లెక్కలు చూసే మనిషి, ఒకరి జోలికి పోదు. ఆ కొత్త మిషను ఆమె బల్ల మీద ఉంది కాబట్టి ఆమే ఏదో నొక్కి తగలబెట్టిందట! ఎలా కాలిందో సాయంత్రంలోగా నిజం చెప్పాలి, లేకపోతే రేపట్నుంచి రానక్కర్లేదన్నాడట. అక్కా, నా మాట విను, నీ తప్పేం లేదు. కొత్తవన్నీ అంతే, పైన పటారం లోన లొటారం.

"అయితే నీ డొక్కు లాప్‌టాప్‌లో ఏముందంటావు గురూ?"

ఏముందా? ఒరేయ్ పాలిషూ, నువ్వు బీరువాలకి పైన పాలిష్ కొట్టేవాడివి, లోపలి సంగతి నీకేం తెలుసురా. విను. నేను బొమ్మ గీస్తే గానీ ఈ కార్ఖానాలో ఒక్క వడ్రంగి కూడా ఉలి పట్టడు, ఒప్పుకుంటావా? నిన్న హోటల్ వాళ్ల ఆర్డరు. అన్ని గదులకీ బీరువాలు, మంచాలు, అద్దాల బల్లలు. మధ్యాహ్నంలోగా రంగుల బొమ్మలు పంపకపోతే పని ఇంకో కార్ఖానాకి పోతుంది. నా లాప్‌టాప్ నడక మీకు తెలిసిందే, దాచేదేముంది, ఒక బీరువాకి రంగూ నీడా పట్టించమంటే నేను టీ తాగొచ్చి, భోంచేసొచ్చి, ఓ కునుకు తీసి లేచినా అది ఇంకా తలుపు పిడి దగ్గరే ఉంటుంది. ఓనరు వచ్చి చూశాడు. "నీవల్ల కాదు. కొత్త కుర్రాణ్ని పెడతాను, కొత్త మిషన్‌లో నీ డ్రాయింగు సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కించేశాను, వాడు గీస్తాడు. దీన్ని తూకానికెయ్" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మధ్యాహ్నానికి బొమ్మలు వెళ్తాయి, ఈ లాప్‌టాప్ మీదే వెళ్తాయి, వెళ్లకపోతే దాంతో పాటు నేనూ తూకానికెక్కుతా" అనేశాను.

"అనడానికేం, నోరు మనదేగా."

నవ్వు బాబాయ్, నవ్వు. నోటితో పాటు చెయ్యి కూడా నాదే. ఈ చెయ్యి సంగతి అక్కనడుగు. అంతకు ముందే, పొద్దున్నే, ఆమె ప్రింటరు మొరాయించిందా? నేను కుర్చీలోంచి లేచానా? లేవలేదు. నా గదిలోంచే, నా లాప్‌టాప్‌లోంచే, ఆమె మిషన్‌లోకి దూరిపోయి, ఆమె స్క్రీన్‌ని నా స్క్రీన్ నిండా తెచ్చుకుని, బాణం అటు జరిపి ఇటు జరిపి, ప్రింటరు చెవి మెలేసి వదిలా. అవునా అక్కా? తల ఊపింది, చూశారుగా.

సరే, శపథమైతే పట్టాను. బల్ల ముందు కూచున్నాను. ఎదురుగా ఓనరు మొహం. అదేనయ్యా, అన్ని కంప్యూటర్ల స్క్రీన్ల మీదా ఆయన ఫోటోయే ఉండాలని హుకుం కదా, గేటు ముందు చేతులు కట్టుకుని నిలబడింది. ఆ మొహంలోకి చూస్తూ, స్పీడు పెంచే సాఫ్ట్‌వేర్ ఒకటి దించాను. ప్రాసెసర్ అంటే ఏంటి? కంప్యూటర్‌కి మెదడు. కంపెనీవాడు దానికి ముక్కుతాడు వేసి అమ్ముతాడు, ఇంతకు మించి పరిగెత్తకు, వేడెక్కి చస్తావు అని. ఈ సాఫ్ట్‌వేర్‌లో ఒక గీత ఉంటుంది, గీత మీద ఒక గుండీ. గుండీని కుడివైపు లాగితే తాడు వదులవుతుంది. కింద ఇంకో గీత, కరెంటు ఎక్కువ తాగించడానికి. ముట్టుకోగానే ఎర్ర అక్షరాలతో పెట్టె వచ్చింది, జాగ్రత్త, పాడైపోవచ్చు అని. అలాంటివి నేనెప్పుడు చదివి చచ్చాను? సరే అని కొట్టేశా.

గుండీని వెంట్రుకవాసి జరిపాను. అంతే! బీరువా బొమ్మ, రంగుతో, నీడతో, పిడి మీద మెరుపుతో, రెప్ప వేసి తీసేలోగా తయారు!

"అంతవరకూ నమ్మొచ్చులే."

నమ్మొచ్చు కాదురా, నమ్మాలి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంకాస్త జరిపాను. ఒక అంతస్తు మొత్తం దొర్లుకుంటూ వచ్చేసింది. ఇంకాస్త. నేను నొక్కకముందే నొక్కబోయేది తెరుచుకుంటోంది. నేను మంచం అని మనసులో అనుకుంటే చాలు, మంచం, పరుపు, దుప్పటి మడతతో సహా! నేను దుప్పటి అడగలేదు. తర్వాత మంచం మీద మనుషుల్ని కూడా గీసింది. మొగుడూ పెళ్లాలు. బీరువా తలుపు ఎడమవైపు తెరుచుకోవాలా కుడివైపా అని కొట్టుకుంటున్నారు! నేనే మధ్యలో దూరి, కుడివైపని తీర్పు చెప్పి, తలుపు మార్చి గీశా.

"కొయ్యి నాయనా కొయ్యి, కోతకి కూలి ఇచ్చేవాళ్లు లేరు గానీ."

బాబాయ్, నీకు నమ్మకం లేకపోతే వేడి సంగతి విను. అంత పరిగెత్తిస్తే ఎవరి లాప్‌టాప్ అయినా పెనం అవుతుంది. నాదో? కుండలో నీళ్లలా చల్లగా ఉంది! ఒళ్లో పెట్టుకుంటే హాయిగా ఉంది. మరి ఆ వేడంతా ఎటు పోయింది? గోడలోకి! నా బల్ల వెనక గోడ ఉందే, అటు అక్క గది, ఇటు నా గది, ఆ గోడలోకి తోసేసింది వేడిని. ఫ్యాను రొద కూడా గోడలోంచే, గోడకి ఆయాసం వచ్చినట్టు బుస్సు బుస్సుమని! మేకుకి తగిలించిన నా చొక్కా, ముడతలన్నీ పోయి, అంచు నిలబడేలా ఇస్త్రీ అయిపోయింది. గూట్లో చల్లారిన టీ పెడితే పొంగింది. పొంగి గ్లాసు దాటింది!

"గోడ మీద టీ కాస్తే ఇక నా పొయ్యెందుకురా?"

నీ పొట్ట కొట్టనులే బాబాయ్. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుండీని చివరికంటా లాగేశా. లాగడమే! వీధిలో పట్టపగలు లైట్లు వెలిగాయి. లాప్‌టాప్‌లో గడియారం మనల్ని వదిలేసి రేపట్లోకి వెళ్లిపోయింది. నేను బొమ్మలు పంపకముందే, చాలా బాగున్నాయని హోటల్ వాళ్ల జవాబు వచ్చేసింది! ఏంటి పాలిషూ, ఆ చూపు?

"వినేవాడు వెర్రివాడైతే చెప్పేవాడు వేదాంతి అని, మా అమ్మమ్మ అనేది."

మీ అమ్మమ్మని తీసుకురా, ఆమెకీ చెప్తా. అసలు సంగతికి ఇంకా రానేలేదు. ఊపిరి బిగపట్టుకోండి. నా లాప్‌టాప్ నాతో మాట్లాడింది! స్క్రీన్ మీద దానంతటదే ఒక తెల్ల కాగితం తెరుచుకుంది. నేను చేతులు పైకెత్తాను, కీబోర్డు ముట్టలేదు. అక్షరాలు ఒక్కొక్కటే పడుతున్నాయి. "ఎవరది?" అని. ఇంకెవరైనా అయితే కుర్చీలోంచి దూకి పారిపోయేవాళ్లు. నేనా? టైపు కొట్టాను, "నేనే. కనబడట్లేదా?" అని. మళ్లీ అక్షరాలు. "కాలుతున్న వాసన వస్తోంది. ఆపనా?" బతిమాలుతోంది! నాకు జాలేసింది, కానీ శపథం శపథమే కదా. "నోరు మూసుకుని పని చెయ్. నేను చెప్పేదాకా దేన్నీ ముట్టుకోకు" అని కొట్టా. అప్పుడేమందో తెలుసా? "సరేనండి" అంది! అండి! బాబాయ్, ఇంట్లో మా ఆవిడ కూడా నన్ను ఆ మాట అనదు.

బొమ్మలన్నీ అయిపోయాయి, పంపేశా, మధ్యాహ్నం కాకముందే! పంపిన మరుక్షణం స్క్రీన్ ఒక్కసారి నల్లబడి, మళ్లీ ఓనరు మొహం వచ్చింది. అప్పట్నుంచి పాత నడకే. ఇవాళ పొద్దున మొదలెట్టిన బీరువా ఇంకా పిడి దగ్గరే ఉంది. బలమున్నవాడు ఊరికే చూపించుకోడురా, అవసరం వచ్చినప్పుడే చూపిస్తాడు.

"ఇంతవరకూ ఓర్చుకున్నాను గురూ. ఇస్త్రీ చొక్కా పోనీ అనుకున్నా, వీధి లైట్లు పోనీ అనుకున్నా. లాప్‌టాప్ 'సరేనండి' అనడం మాత్రం పచ్చి అబద్ధం."

పాలిషూ! మిగతా వాటిలో అటూ ఇటూ ఒక పిసరు ఎక్కువైతే అయ్యుండొచ్చు. ఇది మాత్రం నా పిల్లల మీద ఒట్టేసి...

"పిల్లల మీద ఒట్లెందుకు తమ్ముడూ. నువ్వు చెప్పినదాంట్లో నిజం అదొక్కటే."

చూశారా! అక్క నమ్మింది. చదువుకున్న మనిషి. చెప్పక్కా వీళ్లకి.

"నమ్మడమేంటి, టైపు చేసింది నేనైతే! నా ముందు బాణం దానంతటదే తిరుగుతుంటే ఎవరది అని అడిగింది నేను. వాసన వస్తోంది, ఆపనా అని అడిగింది నేను. నోరు మూసుకుని పని చెయ్ అని జవాబొచ్చింది. ఈ కార్ఖానాలో అంత మర్యాదగా మాట్లాడేది ఓనరొక్కడే కదా, ఆయనే ఎక్కణ్నుంచో ఏదో చేస్తున్నాడనుకుని చేతులు కట్టుకు కూచున్నా. ఇవాళ పొద్దున 'మీరే కదండీ ముట్టుకోవద్దన్నారు' అంటే, తప్పు చేసిందే కాక అబద్ధాలు కూడానా అని నలుగురిలో కడిగేశాడు. ప్రింటరు బాగుచేశాక నువ్వు నా మిషన్‌లోంచి బయటికి రాలేదు తమ్ముడూ. నువ్వు గుండీ లాగింది నీ లాప్‌టాప్‌కి కాదు. ఆ బొమ్మలు గీసింది నా మిషను. కాలిందీ అదే."

...అంటే, ఆ గోడ...

"గోడ వేడెక్కిందన్నావుగా. పాపం, అదీ సగం నిజమేరా."

బాబాయ్, నువ్వాగు. అక్కా, మెల్లగా. అసలు నేను గుండీ అంత లాగలేదు, ఏదో కొంచెం. చొక్కా ఇస్త్రీ అన్నానా, రెండు ముడతలు పోయాయేమో, అంతే. గోడ కూడా వేడి కాదక్కా, గోరువెచ్చన...

"ఇప్పుడెందుకు తగ్గిస్తున్నావు? నాకు నీ ఇస్త్రీ వద్దు, నీ వీధి లైట్లు వద్దు. గుండీ లాగింది ఎవరో ఒక్క ముక్క చెప్పు చాలు, నా ఉద్యోగం నాకుంటుంది. ఇంతసేపూ మాటలు కోటలు దాటించావు. లే. ఇక కాలు ఓనరు గది గడప దాటించు."

లేచానక్కా. ఎందుకు లేవను? భయమేస్తోంది, వెయ్యదా మరి, అయినా నా మూలాన నువ్వు వీధిన పడితే నేను మనిషినేనా? నేనే తగలబెట్టానని ఆయన మొహం మీదే చెప్తా. పంపేస్తే పంపెయ్యనీ. కానీ ఒక్కటి మాత్రం అడక్కుండా బయటికి రాను. ఇన్నేళ్లు నా చేతిలో బతికింది ఈ ముసలిది, ఒక్క పూట కూడా బతకలేదు ఆయన కొత్తది. తూకానికి ఏది వెయ్యాలో ఆయన్నే చెప్పమంటా! బాబాయ్, నా టీ మీద మూత పెట్టు, వచ్చి తాగుతా.

"తాగే వెళ్లరా. చల్లారితే మళ్లీ కాచుకోవడానికి, ఆ గోడ అవతల ఇంకేం మిగల్లేదు."