అప్పుకు పెండ్లి చేసిన లక్ష్మీనారాయణ

పెనుకొండ బస్టాండు ఎదురుగా కుళ్ళాయమ్మ టీ అంగట్లో లక్ష్మీనారాయణ గొంతు సవరించుకున్నాడంటే, తాగేవాళ్ళు గ్లాసు కింద పెట్టాల్సిందే. బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, కోతలు కోయడంలో మాత్రం ఇంకా రిటైర్ కాలేదు. ధర్మవరంలో పట్టుచీరల అంగడి నడిపే జయరామయ్యకు ఆ సంగతి తెలుసు. తెలిసీ కూతురు ప్రీతిని వెంటబెట్టుకొని వచ్చినాడు. ఏం చేస్తాడు మరి? మరుసటి రోజు బెంగళూరులో ఒక పెద్ద బ్యాంకులో పిల్లకు ఇంటర్వ్యూ. అడిగేదంతా హెడ్జింగ్ లెక్కల గురించే. ఇంట్లో అడిగితే గడగడా చెప్తుంది గానీ, కొత్తవాళ్ళ ముందర కూర్చుంటే ఆ పిల్లకు గొంతు పెగలదు. ఇంతకుముందు ఇంటర్వ్యూలన్నీ అట్లే పోయినాయి. "ఇదీ పోతే ఇంక యాడికీ పోను నాయనా, మన అంగట్లోనే కూర్చుంటా" అని ముందురోజు ఏడ్చింది. ఆ మాట విన్నప్పటి నుంచి జయరామయ్యకు అన్నం సయించలేదు.

"అన్నా, బస్సుకు ఇంకా టైముండాది. పాపకు రొంత ధైర్యం చెప్పు" అన్నాడు.

అడగడమే ఆలస్యం.

"ధైర్యమేంది జయరామా, విద్యే చెప్తా! ఇను పాపా. నేను బొంబాయి హెడ్డాఫీసులో ఉన్నప్పుడు, పెద్దగా ఏమో చేసినానని కాదు, ఊరికే ఒక మాట చెప్తి. బ్యాంకు డాలర్లలో అప్పు తెచ్చినాది. డాలరు పెరిగితే మనకు దెబ్బ. అందుకని డాలరు పెరిగితే లాభమొచ్చే ఒప్పందం ఇంకొకటి కుదుర్చుకుంటారు, అదే హెడ్జింగ్. అంతవరకూ బాగుండాది. దాని లెక్క ఎట్ల రాయల్లనో ఆడ ఒక్కనికీ తెలీదు! ఛైర్మన్ తల పట్టుకొని కూర్చున్నాడు. నేను టీ తాగతా తాగతా అంటి, 'సార్, అప్పు ఆడపిల్ల, ఒప్పందం పిల్లోడు. జాతకాలు చూసి ఇద్దరికీ పెండ్లి చేయండి. ఎవురికి ఎవురో ముందుగానే లగ్నపత్రిక రాయండి. అప్పుడు నష్టమూ లాభమూ ఒకే కాపురంలో సర్దుకుంటాయి' అని. అంతే! ఛైర్మన్ లేచి నిలబడినాడు."

"నీకు దండం పెట్టేదానికా?" అంది కుళ్ళాయమ్మ, పాలు పొంగకుండా గరిటె తిప్పుతా.

"కాళ్ళకే పడబోయినాడు, నేనే వద్దంటి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బ్యాంకులో ఉండే ఒప్పందాలన్నిటికీ సంబంధాలు చూసే పని నాకే ఇచ్చినారు. పొంతన కుదరల్ల గదా! ఈ పక్క వంద పోతే ఆ పక్క వందకు దగ్గరగా రావల్ల. మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా ఆ సంబంధం చెల్లదు. నేను కంప్యూటర్ ముట్టితినా? లేదు. హిందూపురం నుంచి బెల్లం తూచే పెద్ద తక్కెడ తెప్పిస్తి. ఒక తట్టలో అప్పు, ఒక తట్టలో ఒప్పందం. ముల్లు నిటారుగా నిలబడె! లండన్ నుంచి ఆడిటర్లు విమానం నిండా దిగి, తప్పు పట్టల్లని తక్కెడ చుట్టూ కూర్చున్నారు. ఇంతలో ఒక ఈగ వచ్చి అప్పు మీద వాలె. ముల్లు కదిలె. ఆ దెబ్బకు అమెరికాలో మార్కెట్ పడిపాయ!"

"పాపం, ఈగకు ఏమన్నా అయ్యిందా?" అన్నాడు ఆటో తోలే శామ్యూల్, మొహం గంభీరంగా పెట్టి.

"దాన్ని నేను ఉఫ్ అని ఊదితి. ఊదితే, ఆ గాలికి డాలరు ఎగిరిపోయి జపాన్‌లో పడె! ఆడి మంత్రి ఫోన్ చేసి, 'సామీ, రొంత మెల్లగా ఊదండి, మా ఇండ్లు ఊగతాండాయి' అని బతిమాలుకున్నాడు."

అంగడి అంతా గొల్లుమంది. జయరామయ్యకు మాత్రం నవ్వు రాలేదు. పిల్ల తల వంచుకొని పెదవి కొరుక్కుంటా ఉంది. ఈ మనిషి దగ్గరికి ఎందుకు తెచ్చినానురా దేవుడా, ఉన్న ధైర్యం గూడా పోతుందేమో అని లోపల్లోపల తిట్టుకున్నాడు.

"ఆగండప్పా, అసలుది ఇంకా చెప్పలే! ఒక పొద్దున ఆఫీసుకు పోతే అంతా ఏడుపులు. పెండ్లి కాని ఒప్పందం ఒకటి, ఎవురో జూదం మాదిరి ఆడి తెచ్చినాది, నష్టాల్లో మునిగి కూర్చోనుండాది. ఒంటరి ఒప్పందం నష్టాన్ని, బ్యాంకు మూడు నెలలకొకసారి బయటపెట్టే లెక్కలోనే చూపియ్యల్ల. చూపిస్తే బ్యాంకు పరువు గంగలో కలుస్తుంది! నేను చొక్కా చేతులు మడిచి వెతికితి. మూలన ఒక అప్పు ఖాళీగా పడుండాది. మధ్యాహ్నం భోజనాల లోపల ఇద్దరికీ పెండ్లి చేసి పారేస్తి. లగ్నపత్రిక మీద పోయిన సంవత్సరం తేదీ వేస్తి. నష్టమంతా పెండ్లికూతురు కొంగు చాటుకు పాయ! బ్యాంకు నిలబడె, దేశం నిలబడె, నేను ఇంటికి పోతాంటే బొంబాయి సముద్రం వెనక్కి జరిగి దారి ఇచ్చె!"

"చెల్లదు పెదనాయనా."

ఎవురా అన్నది అని అందరూ తిరిగి చూసినారు. ప్రీతి తల ఎత్తింది.

"ఆ పెండ్లి చెల్లదు. నష్టమెంతో తెలిసినాంక జోడీ కట్టేది హెడ్జింగ్ ఎట్లయితుంది? ఏ అప్పుకు ఏ ఒప్పందమో, ఏ ప్రమాదానికి అడ్డం పెడతాండామో, అది పనిచేస్తాందో లేదో ఎట్ల కొలుస్తామో, అంతా మొదలుపెట్టే రోజే రాయల్ల. రాసిన రోజు నుంచే లెక్క. వెనక తేదీ వేసేది మోసం. ఆ నష్టం ఆ మూడు నెలల్లోనే చూపియ్యల్ల. ఇంకొకటి, పొంతన ఒకసారి చూసి వదిలేస్తే సరిపోదు, కాపురం నడిచినన్నాళ్ళూ చూస్తానే ఉండల్ల. తప్పిందా, ఆ రోజు నుంచి ఎవురి లెక్క వాళ్ళదే."

ఒక్క చోట కూడా తడబడలేదు. అంగటి నిండా ముక్కూ మొహం తెలియనోళ్ళు, అయినా తడబడలేదు. "శభాష్ పాపా!" అని శామ్యూల్ బల్ల చరిచినాడు. జయరామయ్యకు కండ్లలో నీళ్ళు తిరిగినాయి, సంతోషం పట్టలేక కుళ్ళాయమ్మతో అందరికీ ఇంకో టీ పొయ్యమన్నాడు.

లక్ష్మీనారాయణ మీసం దువ్వుకున్నాడు.

"చూసినావా జయరామా! పాప నోరు తెరిపియ్యల్లనే కావాలని తప్పు చెప్తి! రేపు ఉద్యోగం వచ్చిందంటే, అది నా చలవే అనుకో!"

కుళ్ళాయమ్మ గ్లాసు ఆయన ముందర పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకొని నిలబడింది.

"అట్లనా అప్పా? అయితే ఇప్పుడే చెప్పు, ఆ పిల్ల బస్సు ఎక్కకముందే, ఇంతమంది ముందర చెప్పు. ఉద్యోగం రాకుంటే అదీ నీ చలవేనా?"

అంతలో బెంగళూరు బస్సు హారన్ కొట్టింది. ప్రీతి నవ్వు ఆపుకోలేక నాయన భుజం పట్టుకొని, ఆయనతో పాటే బస్సు ఎక్కింది. కిటికీలోంచి జయరామయ్య చూస్తే, లక్ష్మీనారాయణ నిండుగా ఉన్న గ్లాసును పక్కన పెట్టి, ఖాళీ గ్లాసు ఎత్తి తాగతా ఉండినాడు.