మూడుసార్లు కారిన కుళాయి

అమీర్‌పేటలోని ఒక ప్రెస్సులో, సీసం అక్షరాలు పేరుస్తున్న కంపోజిటర్ పక్కన తెలుగు లెక్చరర్ స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"నా వ్యాసం కంపోజ్ చేశావుగా భాయ్, ఎలా ఉంది?"

"మంచిగుంది సార్. గా కుళాయి కవిత మీద మస్తు రాసిండ్రు."

"మాత్రలు లెక్కపెట్టాను, అంత్యప్రాసలు చూపించాను. కానీ దాని ప్రాణమంతా చివర్లోనే ఉంది. 'కుళాయి కారుతోంది' అని మూడుసార్లు అంటాడు చూడు, మూడోసారి కారేది నీళ్లు కాదు, కవి కన్నీళ్లు."

"గా రెండోది, మూడోది నేను పెట్టినయి సార్."

"నువ్వు పెట్టడమేంటి?"

"గా కవిత వచ్చిన పత్రిక సుత మా దగ్గర్నే అచ్చయితది. కవిత పేజీకి రెండు లైన్లు తక్కువొచ్చింది. ఖాళీ ఉంటే ఎడిటర్ సాబ్ తిడతడని ఆఖరి లైను ఇంకో రెండుసార్లు పెట్టిన."

"కవిగారు గొడవ చేయలేదా?"

"వచ్చిండు సార్. పుస్తకంల ఐదుసార్లు వెయ్యమన్నడు."

"ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా?"

"ఫికర్ చెయ్యకుండ్రి, ఎవ్వరికీ చెప్ప. కానీ మీ వ్యాసం సుత పేజీకి రెండు లైన్లు తక్కువొచ్చింది. ఏ లైను మళ్లా వెయ్యాలె?"

లెక్చరర్ స్టూలు దగ్గరకు జరుపుకున్నాడు.

"నా పేరున్న లైను వెయ్యి."